ముందే కొన్న దూరం

నేను దూరం అమ్ముతాను.
తపాలా బిళ్ళల పక్కన, పుట్టినరోజు కార్డుల వెనక,
ఇరవై రెండేళ్ళుగా ఇదే కౌంటర్లో.
వెయ్యి కిలోమీటర్లకు తక్కువ అమ్మం.
డీజిల్ బండి ఉన్నవాళ్ళు
ఇంకా వెళ్ళని దారికి ముందే వెల కట్టి
అద్దానికి చీటీ అంటించుకోవాలి.
న్యూజీలాండ్ చట్టం,
మా తూర్పు తీరానికీ అదే.

పెట్రోలు వాళ్ళకి ఈ బాధ కనపడదు.
పంపు దగ్గర అంకెలు గిర్రున తిరుగుతుంటే
అందులో నూనె ఎంతో, రోడ్డు ఎంతో
ఎవరు విడదీస్తారు?
నాదీ పెట్రోలు కారే.
పాలల్లో నీళ్ళలా కలిసి వస్తే
పన్నుని గుటుక్కున తాగేస్తాం.
విడిగా గ్లాసులో పోసి చేతికిస్తేనే
కోపం.

ఆ కోపం నా కిటికీ దగ్గరికొస్తుంది.
రేట్లు పెరిగిన సోమవారం
వెల్లింగ్టన్ నుంచి ఒక కాగితం పంపి అతికించమన్నారు:
రహదారుల కోసం, వంతెనల కోసం, బస్సుల కోసం.
"బస్సా?" అన్నాడు దుంగల లారీ కాలిన్ ప్రాట్లీ,
"ఈ ఊళ్ళో బస్సు చూసింది నా పెళ్ళికి ముందు."
కాగితం మూల టేపు ఇంకాస్త నొక్కాను.
చేతులకి ఏదో ఒక పని కావాలిగా.

హొరియానా మాత్రం అరవలేదు.
ఆమె ఎప్పుడూ వెయ్యే కొంటుంది.
కొన్న ప్రతిసారీ రుసుము అదనం,
ఐదువేలు ఒకేసారి తీసుకోరాదూ అంటే
"ఐదువేలకి డబ్బు ఒకేసారి ఉన్నవాళ్ళు తీసుకుంటారు" అని
పర్సు మూసింది.
వాళ్ళమ్మ మెరెపేకాకి వారానికి మూడుసార్లు
గిజ్‌బర్న్‌లో రక్తం శుభ్రం చేయించాలి.
పాత హైలక్స్‌లో ముందు సీటుకి దిండు,
ఫ్లాస్కులో సగం కప్పు టీ.
ఆమెకి అంతవరకే తాగే అనుమతి.

పోయిన చలికాలం వాన వంతెనని పట్టుకుపోయింది.
అప్పట్నుంచీ కొండ చుట్టూ తిరగాలి,
పోవడానికి ముప్పై ఎనిమిది ఎక్కువ,
రావడానికీ అంతే.
రోడ్డు తెగింది గనక దూరం పెరిగింది,
దూరం పెరిగింది గనక చీటీలు పెరిగాయి,
ఆ చీటీల డబ్బుతోనే రోడ్డు అతకాలి.
గోరుచుట్టు మీద రోకటిపోటు.
ఆ రోకలికి అద్దె కూడా మనమే.

ఈ లెక్క హొరియానా చెప్పలేదు.
నేనే ఒక రాత్రి కరెంటు బిల్లు వెనక వేసుకున్నాను:
నెలకి ఇంచుమించు ఒక చీటీ
లేని వంతెన కోసం.

కొండ మలుపులో 'ఆగు' పలక పట్టుకుని నిలబడేది
మా అక్క కొడుకు డెస్మండ్.
నారింజ కోటు, పిక్కల దాకా బురద.
వాడి జీతమూ ఆ చీటీల్లోంచే.
మెరెపేకా బండి కనపడితే చాలు
ఎదటి వరస ఎంత పొడుగున్నా పలక తిప్పేస్తాడట.
నిబంధనల్లో ఉందా అని అడిగాను.
"రోడ్డు వాళ్ళు కొనుక్కున్నదే కదా పిన్నీ" అన్నాడు
సూప్ ఊదుకుంటూ.

మార్చిలో వంతెన తెరిచారు.
రిబ్బను, ప్రసంగం, కాల్చిన సాసేజీలు.
కాలిన్ మొదటి లారీ తోలుతూ
అవతలి ఒడ్డు దాకా హారన్ మీద చెయ్యి తియ్యలేదు.
అదే వారం నాకు ఇంకో కాగితం వచ్చింది:
జనవరి నుంచి మళ్ళీ పెంపు.
పాతదాని మీదే అతికించాను.

నెల తిరిగాక, ఒక శుక్రవారం సాయంత్రం
హొరియానా కౌంటర్‌కి మోచేతులానించి
"నాలుగువందల పన్నెండు మిగిలాయి నోలీన్" అంది,
ఎవరిదో పోయిన వస్తువు దొరికినట్టు.
తర్వాత, గొంతు తగ్గించి,
"అమ్మ పుట్టిన సముద్రం దగ్గరికి
పోయి రావడానికి సరిపోతాయా?"

ఇరవై రెండేళ్ళు దూరం అమ్మాను.
ఎక్కడికి అని ఎవరినీ అడగలేదు.
అట్లాసు దించి, వేలితో తీరం వెంట కొలిచాను.
ఒకవైపు నూట తొంభై మూడు.
"ఇరవై ఆరు మిగులుతాయి."
"చిల్లర" అంది.

సోమవారం తెల్లారేసరికి తలుపు దగ్గరుంది.
ఎప్పటిలాగే వెయ్యి.
నోట్ల మడతలో ఇసుక.
దులపకుండానే సొరుగులో వేశాను,
రహదారుల ఖాతాలో.